అమ్మానాన్నలకు తులిప్ తోటలు చూపించాలి, కార్డు మీద పెట్టమంటారా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటాం. పిల్లలకు ఎనిమిదేళ్లు, నాలుగేళ్లు. మా నలుగురివీ ఇండియన్ పాస్‌పోర్టులే. వచ్చే మార్చిలో అమ్మానాన్న విజయవాడ నుంచి వస్తున్నారు. ఏప్రిల్‌లో హల్ నుంచి ఫెర్రీలో వాళ్లను నెదర్లాండ్స్ తులిప్ తోటలకు తీసుకెళ్లాలని ఉంది. మా ఏడు సీట్ల కారుకు, రెండు క్యాబిన్లకు కలిపి ఫెర్రీ 820 పౌండ్లు, ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండు రాత్రుల హోటల్ 640, వీసాలూ టికెట్లూ పెట్రోలూ అన్నీ కలిపితే 2,300 అవుతోంది. నెలకు 450 పౌండ్లు మిగులుతాయి. క్రెడిట్ కార్డు మీద 1,800 బాకీ ఉంది, వడ్డీ 24 శాతం. ఎమర్జెన్సీకి 5,000 దాచాం. ఇంటి డిపాజిట్ కోసం లైఫ్‌టైమ్ ఐసా అనే పొదుపు ఖాతా ఉంది. ఈ ఖర్చు కార్డు మీద పెట్టమంటారా, ఐసాలోంచి తీయమంటారా?

జవాబు: రెండూ వద్దు. ట్రిప్ మాత్రం మానుకోకండి. అమ్మానాన్న ఓపికగా నడవగలిగినప్పుడే ఇలాంటివి చూపించాలి. చేతిలో ఇంకా ఆరు నెలలుంది కాబట్టి దారి ఉంది.

ముందు ఐసా సంగతి. మీరు 1,000 పౌండ్లు వేస్తే ప్రభుత్వం 250 కలిపింది. ఇల్లు కొనడానికి కాకుండా మధ్యలో తీస్తే మొత్తం 1,250 మీద 25 శాతం కోస్తారు. అంటే 312.50 పోయి మీ చేతికి 937.50 వస్తుంది. బోనస్ పోవడమే కాదు, మీ సొంత డబ్బులో 62.50 కూడా పోతుంది. ఎమర్జెన్సీ సొమ్ము ఆరుగురి ఇంటికి అసలే తక్కువ, దాన్నీ ముట్టుకోవద్దు.

ఇక కార్డు. ఆ 1,800 మీద ఇప్పుడే నెలకు 36 పౌండ్ల దాకా వడ్డీ కడుతున్నారు. పాత కార్డు బాకీని తన మీదకు మార్చుకుని కొంతకాలం వడ్డీ వేయని కార్డుకు, అంటే సున్నా వడ్డీ బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ కార్డుకు అప్లై చేయండి. ఫీజు 3 శాతం అనుకుంటే 54 పౌండ్లు, ఒకేసారి. తర్వాత నెలకు 150 చొప్పున కడితే ఏడాదికి కాస్త అటుఇటుగా బాకీ తీరిపోతుంది. సున్నా వడ్డీ గడువు అంతకంటే ఎక్కువే ఉండేలా చూసుకోండి, ఆ కార్డు మీద కొత్తగా ఏమీ కొనొద్దు. మిగిలిన 300 ఆరు నెలలు పక్కన పెడితే 1,800.

2,300 ట్రిప్‌కు ఇది చాలదు. అందుకే హోటల్ తీసేయమంటున్నాను. హల్ ఫెర్రీ రాత్రి బయల్దేరి పొద్దున్నే రోటర్‌డామ్ దగ్గర యూరోపోర్ట్‌లో దించుతుంది. అక్కణ్నుంచి కూకెన్‌హాఫ్ తోట ఉన్న లిస్సెకు కారులో గంట పైచిలుకు. శుక్రవారం సాయంత్రం ఓడ ఎక్కి, శనివారం తోట చూసి, అదే రాత్రి తిరుగు ఓడ ఎక్కితే ఆదివారం పొద్దున హల్‌లో ఉంటారు. పిల్లలకు బడి మానిపించక్కర్లేదు, మీకు సెలవూ అక్కర్లేదు. ఖర్చు 1,660కి దిగుతుంది. దాచినదాంట్లో 140 మిగులుతుంది, ట్రాన్స్‌ఫర్ ఫీజు కూడా అందులోంచే పోతుంది. మీరు రెండు క్యాబిన్లు తీసుకోవడం మంచిపనే. నాలుగు బెర్తుల క్యాబిన్లో రెండు పైన ఉంటాయి, పెద్దవాళ్లకు కింది బెర్తులు కావాలి కదా.

తోట మార్చి మూడో వారం నుంచి మే రెండో వారం దాకా, సుమారు ఎనిమిది వారాలే తెరుస్తారు. ఏటా శరదృతువులో 70 లక్షల దుంపలు నాటుతారు. తులిప్‌లకు ఏప్రిల్ మధ్యలో వెళ్లడం మేలు. బయటి పొలాల్లో రైతులు దుంప బలపడాలని ఏప్రిల్ చివర నుంచే పూల తలలు కోసేస్తారు, ఆలస్యమైతే ఆ రంగుల చాళ్లు కనిపించవు. పెద్దలకు టికెట్ 20 యూరోల చుట్టుపక్కల, పిల్లలకు అందులో సగం. నాలుగేళ్లు నిండితే టికెట్ తీసుకోవాల్సిందే. రోజు, సమయం చూసి ముందే ఆన్‌లైన్‌లో కొనాలి. నూర్డ్‌వైక్ నుంచి హార్లెమ్ దాకా పూల ఊరేగింపు జరిగే శనివారం మాత్రం వదిలేయండి. రోడ్లు మూసేస్తారు, సాయంత్రం ఓడ తప్పితే ఈ లెక్కంతా తలకిందులవుతుంది.

అసలు టెన్షన్ వీసాలతోనే. నెదర్లాండ్స్‌కు కావాల్సింది షెంజెన్ వీసా, యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఒకటే. దాని ఫీజు పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు 45, ఆరేళ్లలోపు వారికి లేదు. మీ ఆరుగురికి 405 యూరోలు, సర్వీస్ చార్జీ అదనం. రిజెక్ట్ అయితే తిరిగి రాదు. అమ్మానాన్న యూకే వచ్చాక ఇక్కడ అప్లై చేద్దామనుకోకండి. మామూలుగా ఎవరు ఎక్కడ నివసిస్తుంటే అక్కడే చేయాలి. యూకే వీసా చేతికి రాగానే ఇండియాలోనే షెంజెన్‌కు పెట్టించండి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ఇన్సూరెన్స్ కావాలి. యూకే, షెంజెన్ రెండూ కవరయ్యేలా ఒకే పాలసీ తీసుకుని, బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయించండి. ప్రీమియం పెరిగినా ఫర్వాలేదు, దాస్తే క్లెయిమే రాదు. వీసాకు రానూపోనూ ప్రయాణం చూపించాలి కాబట్టి క్యాన్సిల్ చేసుకునే వీలున్న ఫెర్రీ టికెట్ కొనండి. అది బాకీ ఖాళీ అయిన పాత క్రెడిట్ కార్డుతో కొని బిల్లు వచ్చిన నెలే పూర్తిగా కట్టేయండి. 100 పౌండ్లు దాటిన కొనుగోలులో అమ్మినవాళ్లు మాట తప్పితే, బ్రిటన్ వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 కింద కార్డు కంపెనీకి కూడా బాధ్యత ఉంటుంది.

కారు ఫైనాన్స్ మీద ఉంటే విదేశాలకు తీసుకెళ్లడం గురించి ఒప్పందంలో ఏముందో చూడండి. ఇన్సూరెన్స్ వాళ్లకూ ఫోన్ చేయండి. యూరప్‌లో చాలా పాలసీలు థర్డ్ పార్టీకే పరిమితం. అక్కడ కార్డు మెషిన్ పౌండ్లా, యూరోలా అని అడిగితే యూరోలే నొక్కండి. ఓడలో తిండి ఖరీదని పులిహోర కట్టుకెళ్లండి. పెరుగన్నం మాత్రం దిగేలోపే తినేయాలి, బ్రిటన్ నుంచి పాల పదార్థాలు యూరప్‌లోకి తీసుకెళ్లనివ్వరు. వచ్చేటప్పుడు గౌడా చీజ్ కూడా కొనొద్దు. 2025 ఏప్రిల్ నుంచి బ్రిటన్ కూడా ఆపేసింది.

సున్నా వడ్డీ కార్డు దొరకకపోతే? అప్పుడు ముందు నెలకు 450 చొప్పున బాకీ తీర్చండి, ఫిబ్రవరికల్లా అయిపోతుంది. ఆ తర్వాత మిగిలే 800 చిల్లరతో మీరు, అమ్మ, నాన్న ముగ్గురే వెళ్లి రండి. వీసాలు మూడు, క్యాబిన్ ఒక్కటే చాలు. ఈ మాట మీ ఆవిడతో, పిల్లలతో చెప్పడం కష్టమే. అందుకే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్‌కు ఈ వారమే అప్లై చేయండి. ఏ దారి పట్టాలో తేలాకే వీసా ఫీజులు కట్టండి.