120 రోజులయ్యాక సర్వర్ లోపలికి రానివ్వడం లేదు

ప్రశ్న: సార్, మాది ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లు, నేను లెక్కలు చూస్తాను. జూన్ 10న కర్నూలు నుంచి ఒకాయన వచ్చి విండోస్ సర్వర్ 2022 పెట్టిపోయాడు. మిల్లులో, కాటా గదిలో, మార్కెట్ యార్డు దగ్గరి ఆఫీసులో కలిపి 9 కంప్యూటర్లున్నాయి, అందరం రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆ సర్వర్‌లోకే వెళ్లి పని చేస్తాం. మొత్తం 14 మందిమి. మా ఓనరు ఇంటి నుంచి ల్యాప్‌టాప్‌లోనూ ఫోన్‌లోనూ చూసుకుంటారు. అక్టోబరు 8 నుంచి 'లైసెన్స్ సర్వర్లు లేవు' అని మెసేజ్ వచ్చి ఎవరినీ రానివ్వడం లేదు. పత్తి బండ్లు దిగే టైమ్, చాలా టెన్షన్‌గా ఉంది. పెట్టినాయన్ని అడిగితే రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటట) ఒక కీ తీసేస్తే మళ్లీ 120 రోజులు వస్తాయంటున్నాడు, లేదంటే 14 యూజర్ లైసెన్సులు కొనమంటున్నాడు. ఏది చేయమంటారు?

జవాబు: రెండూ చేయొద్దండీ. సర్వర్ చెడిపోలేదు, ముందు ఆ భయం వదిలేయండి. రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్ అనే రోల్, అంటే ఒకేసారి చాలామందిని లోపలికి రానిచ్చే పని, సర్వర్‌కు పెట్టినప్పుడు లైసెన్సు లేకపోయినా 120 రోజులు నడవనిస్తారు, జూన్ 10 నుంచి లెక్కపెడితే సరిగ్గా అక్టోబరు 8కి ఆ గడువు అయిపోయింది. ఈ మాట సర్వర్ పెట్టిన రోజే మీకు చెప్పి ఉండాల్సింది. రిజిస్ట్రీ కీ తీసేయడమంటే లైసెన్సు లేకుండా వాడుకోవడమే, పైగా ఇంకో నాలుగు నెలలకు, ఫిబ్రవరిలో, ఇదే గండం మళ్లీ వస్తుంది.

ముందు లోపలికి వెళ్లి సర్వర్‌ను సరిచేసుకోవడానికి ఒక దారి ఉంది. రన్ బాక్సులో ఎంఎస్‌టీఎస్‌సీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ అడ్మిన్ అని చేర్చితే (mstsc /admin) అడ్మినిస్ట్రేటర్ లోపలికి వెళ్లగలడు. సర్వర్ బాగోగులు చూసుకోవడానికి ఇద్దరి దాకా ఇలా వెళ్లొచ్చు. అది రిపేరు కోసం ఇచ్చిన దారి, దాంట్లో కూర్చుని కాటా బిల్లులు కొట్టడానికి కాదు.

ఇక కొనాల్సింది ఏంటి? దీన్ని ఆర్‌డీఎస్ కాల్ అంటారు, ఆర్‌డీఎస్ అంటే రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్, కాల్ అంటే క్లయింట్ యాక్సెస్ లైసెన్స్. యూజర్ కాల్ అయితే మనిషికొకటి, ఆ మనిషి ఎన్ని కంప్యూటర్ల నుంచి వచ్చినా సరే. డివైస్ కాల్ అయితే యంత్రానికొకటి, దాని ముందు ఎంతమంది మారినా సరే. షిఫ్టుకొకరు కూర్చునే కాటా గదికి డివైస్ లాభం, ఇల్లూ ఆఫీసూ తిరిగే మీ ఓనరుకు యూజర్ లాభం.

కానీ మీ విషయంలో దీనికంటే ముందు ఒకటి చూడాలి. సర్వర్‌లో సిస్టమ్ ప్రాపర్టీస్ తెరిచి డొమైన్ అని ఉందా, వర్క్‌గ్రూప్ అని ఉందా చూడండి. యూజర్లందరి ఖాతాలు ఒకేచోట నడిపే నెట్‌వర్క్ డొమైన్, ఏ కంప్యూటర్ ఖాతాలు దానివే అయితే వర్క్‌గ్రూప్. మన ఊళ్లలో చిన్న మిల్లులు, ఆడిటర్ల ఆఫీసుల్లో ఎక్కువగా వర్క్‌గ్రూపే ఉంటుంది. యూజర్ కాల్స్ లెక్క యాక్టివ్ డైరెక్టరీలో, అంటే డొమైన్‌లోని యూజర్ల జాబితాలో, ఉంటుంది, అది వర్క్‌గ్రూప్‌లో ఉండదు. విండోస్ సర్వర్ 2019, ఆ తర్వాతి వెర్షన్లలో, వర్క్‌గ్రూప్‌లో ఉండి యూజర్ మోడ్ పెడితే, లైసెన్సులో సమస్య ఉందని చెప్పి 60 నిమిషాలకు సెషన్ తెంపేస్తుంది. అంటే డబ్బు కట్టి 14 కొన్నాక కూడా గంటకోసారి బయటికి తోస్తుందన్నమాట. వర్క్‌గ్రూప్ అయితే డివైసే తీసుకోండి. మీ 9 కంప్యూటర్లు, ఓనరు ల్యాప్‌టాప్, ఫోన్ కలిపి 11. వీటితో పాటు మామూలు విండోస్ సర్వర్ కాల్స్ (సర్వర్‌ను వాడుకోవడానికే ఉండాల్సిన లైసెన్సులు) కూడా ఉండాలి, అవి వేరు, ఉన్నాయో లేదో బిల్లు తీసి చూసుకోండి. కొనేటప్పుడు కాగితాలన్నీ మిల్లు పేరు మీదే ఉండాలి, లైసెన్సు నంబర్లు సర్వర్ పెట్టినాయన ఫోన్‌లో కాకుండా మీ బీరువాలో ఉండాలి. రేపు సర్వర్ డిస్కు పోతే లైసెన్సులు మళ్లీ ఎక్కించడానికి అడిగేది అవే.

ఎక్కించే పని అరగంట. సర్వర్ మేనేజర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సింగ్ రోల్ చేర్చండి, అదే సర్వర్‌లో పెట్టినా సరిపోతుంది. తర్వాత లైసెన్సింగ్ మేనేజర్ తెరిచి సర్వర్ పేరు మీద రైట్ క్లిక్ చేసి యాక్టివేట్ చేయాలి. నెట్ ఉంటే తనే చేసుకుంటుంది, లేకపోతే వేరే కంప్యూటర్ బ్రౌజర్‌లోనో ఫోన్ చేసో కూడా చేయొచ్చు. ఆ మీదట ఇన్‌స్టాల్ లైసెన్సెస్ నొక్కి, ఏ పద్ధతిలో కొన్నారో ఎంచుకుని, నంబర్లు కొట్టి, వెర్షన్ 2022, పర్ డివైస్, 11 అని ఇవ్వండి.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు, మళ్లీ అదే మెసేజ్ చూసి కంగారు పడతారు. లైసెన్సులు ఎక్కించడం ఒక పని, అవి ఎక్కడున్నాయో సెషన్ హోస్ట్‌కు చెప్పడం ఇంకో పని. గ్రూప్ పాలసీ ఎడిటర్ (సర్వర్ నియమాలు మార్చే చోటు) తెరిస్తే అందులో రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ కింద సెషన్ హోస్ట్, దాని కింద లైసెన్సింగ్ ఉంటుంది. అక్కడ లైసెన్స్ సర్వర్ పేరు ఒకచోట, మోడ్ (పర్ డివైస్) ఇంకోచోట పెట్టి సర్వర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేయండి. లైసెన్సింగ్ డయాగ్నోజర్ తెరిస్తే ఇంకా ఏదైనా తప్పుంటే అదే చూపిస్తుంది.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఓనరు గారు ఇంటి నుంచి చూడటానికి రూటర్‌లో 3389 పోర్టు (రిమోట్ డెస్క్‌టాప్ వాడే దారి) నేరుగా తెరిచి ఉంటే ఈ రోజే మూయించి, వీపీఎన్, అంటే బయటివాళ్లు చూడలేని సొంత దారి, పెట్టించండి. పాస్‌వర్డులు ఊహించి చొరబడి ఫైళ్లకు తాళం వేసే దొంగలు మొదట తట్టే తలుపు అదే.

ప్రశ్న: మాది కడపలో పసుపు వ్యాపారం. 2016 సర్వర్‌కు 10 డివైస్ కాల్స్ ఉన్నాయి. ఇప్పుడు 2022 సర్వర్ కొంటున్నాం, పాతవి పనికొస్తాయా?

జవాబు: రావండీ. కొత్త కాల్స్ పాత సర్వర్‌కు చెల్లుతాయి గానీ పాతవి కొత్త సర్వర్‌కు చెల్లవు. కొన్నప్పుడు సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ (లైసెన్సుతో పాటు తీసుకునే అదనపు ఒప్పందం) తీసుకుని అది ఇంకా నడుస్తూ ఉంటే కొత్త వెర్షన్ హక్కు వస్తుంది, ఆ కాగితం ఉందేమో వెతకండి. లైసెన్సింగ్ రోల్ మాత్రం 2022 మీదే పెట్టండి, 2016లో ఉన్న లైసెన్స్ సర్వర్ 2022 కాల్స్‌ను తీసుకోదు.

ప్రశ్న: అనంతపురంలో మా ఆఫీసులో రెండు కంప్యూటర్లు కాలిపోయి కొత్తవి కొన్నాం. డివైస్ లైసెన్సులు అయిపోయాయని చూపిస్తోంది, మళ్లీ కొనాలా?

జవాబు: అక్కర్లేదు. కొత్త యంత్రం మొదటిసారి వచ్చినప్పుడు 90 రోజుల తాత్కాలిక లైసెన్సు ఇస్తుంది, తర్వాతిసారి అసలుది ఇస్తుంది. ఆ అసలుది కూడా శాశ్వతం కాదు, 52 నుంచి 89 రోజుల మధ్య ఏదో ఒక గడువు ఉంటుంది. యంత్రం మళ్లీ రాకపోతే గడువు తీరాక లైసెన్సు తనంతట తనే వెనక్కి వచ్చేస్తుంది. అంతవరకు ఆగలేకపోతే లైసెన్సింగ్ మేనేజర్‌లో పాత కంప్యూటర్ల పేర్ల మీద రివోక్ చేయండి, అంటే వాటి లైసెన్సును వెనక్కి తీసుకోండి. మొత్తం లైసెన్సుల్లో 20 శాతం వరకే ఒప్పుకుంటుంది, కాబట్టి రెండు తీయాలంటే మీ దగ్గర కనీసం 10 ఉండాలి.