ఆదివారం రాత్రి గడి

చిట్టితల్లీ,

అట్టపెట్టెల యూనిట్ పెడుతున్నావని, ఇరవై నలుగురిని తీసుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. అంతమందికి జీతమిచ్చే స్థాయికి మన పిల్ల వచ్చిందని రెండుసార్లు చెప్పించుకుని మరీ విన్నాను. ఆ తర్వాత ‘పండగ ఆర్డర్లకి మూడు షిఫ్టులూ నడుపుతుందట’ అంది. అక్కడే నాకు గుబులు మొదలైంది. అందుకే ఈ ఉత్తరం.

రిజిస్ట్రేషన్, నియామక పత్రాలు, షిఫ్టు వేళల నోటీసు గేటు దగ్గర అతికించడం లాంటివి నీకు తెలిసినవే, చేసెయ్. వరస పని ఐదు గంటలు దాటకుండా అరగంట విరామం ఇవ్వు.

నీకు వర్తించేది 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్. 1948 ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. రోజుకి ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు అంటుంది. విరామాలతో కలిపి రోజు ఎంత పొడుగుండాలో, ఓటీ (ఓవర్‌టైమ్, అంటే అదనపు పని) మొత్తం ఎన్ని గంటలు దాటకూడదో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఆ నోటిఫికేషన్ కాగితం తెచ్చుకుని నువ్వే చదువు. ‘అందరూ ఇలాగే నడుపుతున్నార’నే మాట నమ్మకు. ఆరు రోజులకి వచ్చే ఈ నలభై ఎనిమిది గంటలు ఊరికే రాలేదమ్మా. 1922లో వారానికి 60 ఉండేవి, 1934లో 54 అయ్యాయి, 1946లో 48కి దిగాయి. ఆదివారం సెలవు కోసం బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ మేఘాజీ లోఖండే వెంట నిలబడి కొట్లాడితే 1890లో యజమానులు ఒప్పుకున్నారు.

ఇక అసలు సంగతి. రాత్రి షిఫ్టు ఉన్న చోట తరాలుగా జరుగుతున్న తప్పు ఒకటుంది. చేసేవాళ్లు చెడ్డవాళ్లు కారు, చేస్తున్నామని తెలియక చేస్తారు. శనివారం రాత్రి పదికి ఎక్కినవాడు ఆదివారం ఉదయం ఆరుకి దిగుతాడు. హాజరు పట్టీలో ఆదివారం గడిలో సూపర్‌వైజర్ ‘డబ్ల్యూ.ఓ.’ (వీక్లీ ఆఫ్) అని రాస్తాడు. కొత్త వారం ఆదివారం రాత్రి పదికే మొదలవుతుంది కాబట్టి ఆ మనిషి మళ్లీ అప్పుడే డ్యూటీకి వస్తాడు. కాగితం మీద వారపు సెలవు ఇచ్చినట్టే ఉంటుంది. కానీ దిగిన దగ్గర్నుంచి ఎక్కేదాకా లెక్కపెట్టు, పదహారు గంటలే. మామూలు రోజుల్లో రెండు షిఫ్టుల మధ్య ఉండేదీ ఆ పదహారే. అంటే సెలవే లేదు. వారాల తరబడి సెలవు లేకుండా పనిచేస్తున్నాడు, పట్టీలో మాత్రం ప్రతి ఆదివారం సెలవు పడుతోంది.

చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. షిఫ్టు అర్ధరాత్రి దాటితే, సెలవు రోజంటే ఆ షిఫ్టు ముగిసినప్పటి నుంచి వరసగా 24 గంటలు. అర్ధరాత్రి తర్వాత చేసిన గంటలు ముందురోజు ఖాతాలోకే పోతాయి. ఈ రెండో ముక్క మర్చిపోతే ఓటీ కూడా మాయమవుతుంది. రాత్రి పదికి వచ్చి మర్నాడు పదిదాకా ఉన్నవాడు పన్నెండు గంటలు చేశాడు, ఎనిమిది పోను ఓటీ నాలుగు. దాన్నే తేదీల ప్రకారం విడగొడితే నిన్న రెండు, ఇవాళ పది అయి, ఓటీ రెండే కనిపిస్తుంది. హాజరు మెషీన్ తేదీని బట్టి లెక్కేస్తే ఇదే జరుగుతుంది. అమర్చే రోజునే పక్కన నిలబడి, ‘రోజు’ అంటే షిఫ్టు మొదలైన తేదీ అని పెట్టించు.

నీకు తేలికైన దారి చెప్తాను. ఆదివారం ఉదయం ఆరు నుంచి సోమవారం ఉదయం ఆరుదాకా యూనిట్ మొత్తం ఆపెయ్. వారం మారేటప్పుడు రాత్రివాళ్లని మధ్యాహ్నానికి, మధ్యాహ్నంవాళ్లని ఉదయానికి, ఉదయంవాళ్లని రాత్రికి తిప్పు. ఆదివారం ఆరుకి దిగినవాడు సోమవారం మధ్యాహ్నం రెండుకి ఎక్కుతాడు, 32 గంటలు దొరుకుతాయి. అతన్ని నేరుగా ఉదయం షిఫ్టుకి తిప్పితే సరిగ్గా 24 వస్తాయి. ఆదివారం దిగడం గంట ఆలస్యమైతే ఆ 24 కాస్తా 23 అవుతుంది.

మిగతా రోజుల్లో రిలీవర్, అంటే దిగేవాడి చోటికి వచ్చేవాడి, సంగతీ చెప్తున్నా. షిఫ్టుకి ఎనిమిదిమంది చొప్పున ఇరవై నలుగురు సరిపోతారనుకున్నావు కదూ? ఒక్కరు రాకపోతే దిగాల్సినవాణ్ణే ‘ఇంకో షిఫ్టు ఉండు’ అంటావు. వద్దు తల్లీ. అట్టని పెట్టె ఆకారానికి కోసే నీ డై పంచింగ్ ప్రెస్‌లో అట్ట చేత్తో పెట్టి చేత్తో తీయాలి. మూసుకునే లోపు చెయ్యి వెనక్కి రావాలి. పదకొండో గంటలో కన్ను మూతపడ్డా మెషీన్ ఆగదు. ముగ్గుర్ని అదనంగా పెట్టుకో. ఆర్డరు ఆలస్యమైతే మాట పడదాం. పంచింగ్ మీద ఉన్నవాళ్లకి మాత్రం ఓటీ అసలే వెయ్యకు. చట్టం ఒప్పుకున్నా నేను ఒప్పుకోను.

మిగతా పనుల్లో ఓటీ వేస్తే కార్మికుడి సమ్మతి ఉండాలి. ఏ రోజు, ఎన్ని గంటలు అని రాసి ఆ రోజే సంతకం తీసుకో. నెల మొదట్లో ఖాళీ కాగితం మీద సంతకాలు పెట్టించావని తెలిస్తే నీతో మాట్లాడను.

డబ్బు రెండింతలు. బేసిక్, డీఏ కలిపి నెలకి 15,600 అనుకో. 26 పని రోజులకి భాగిస్తే 600, ఎనిమిదికి భాగిస్తే గంటకి 75, ఓటీ గంటకి 150. ముప్పైతో భాగిస్తే గంట 65కి పడిపోతుంది, అలా చెయ్యకు. బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచినా లాభం లేదు. మొత్తంలో సగం దాటిన అలవెన్సు వేతనంలోకే వచ్చి కలుస్తుంది. 20,000లో బేసిక్ 6,000 చూపించినా లెక్కకి 10,000 తీసుకోవాలి. ఈ వారం 60 చేయించి వచ్చే వారం 36తో సగటు సరిపెట్టడమూ కుదరదు. రోజు లెక్క, వారం లెక్క రెండూ వేసి, కార్మికుడికి ఏది మేలైతే అదే ఇవ్వాలి.

సెలవు రోజు పని చేయించక తప్పకపోతే, బదులు సెలవు ఆ నెలలోనో తర్వాతి రెండు నెలల్లోనో ఇచ్చెయ్. అది ఓటీ డబ్బుకి బదులు కాదు. కోవిడ్ కాలంలో గుజరాత్ ప్రభుత్వం పన్నెండు గంటల రోజు పెట్టి, అదనపు గంటలకి మామూలు రేటే చాలన్నది. 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఆ నోటిఫికేషన్లు కొట్టేసి, ఓటీ చట్టప్రకారం కట్టమంది. ప్రభుత్వానికే చెల్లనిది నీకు చెల్లదు.

యజమానికి ఇన్ని గంటలే పని చెయ్యాలని ఏ చట్టమూ చెప్పదు. అందుకే నీ గురించి కూడా బెంగగా ఉంది. రాత్రి షిఫ్టు చూసుకోవడానికి నమ్మకమైన మనిషిని పెట్టుకుని ఇంటికెళ్లి పడుకో. మొదటి నెల షిఫ్టు పట్టిక రాయగానే ఫోటో తీసి నాకు పంపు. ముందుగా ఆదివారం రాత్రి గడే చూస్తాను.

నీ మావయ్య