సీడీ రైటరు తీసేయకు అమ్మడూ

చిరంజీవి అమ్మడికి,

ఒంగోలులో సొంతంగా సీటీ స్కాన్ సెంటర్ పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇళ్లలో అప్పు చేసి పెళ్లిళ్లు చేసినవాళ్లే గానీ, మిషను కొన్న ఆడపిల్ల లేదు. గర్వంగా ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టని మాటా నిజమే.

ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి, కరెంటు, ఏసీ నీకు తెలిసినవే. కానీ "ఈ రోజుల్లో స్కాన్ బొమ్మలకి సీడీలెందుకు, లింకు పంపేస్తాం" అన్నావట. అక్కడ పట్టుకుంది టెన్షన్. లింకు పంపు, వద్దనను. డిస్కు మాత్రం మానకు. చాలా ఆసుపత్రుల్లో వైరస్ భయంతో పెన్‌డ్రైవ్ పెట్టనివ్వరు. సీడీ-ఆర్, అంటే ఒక్కసారే రాయగలిగే సీడీ, రాసి ఫైనలైజ్ చేస్తే (ఇక రాయడానికి వీల్లేకుండా మూసేస్తే) అందులోది ఎవరూ మార్చలేరు. ఒక్కో బొమ్మ దాదాపు అర ఎంబీ, 700 ఎంబీలో వెయ్యికి పైగా పడతాయి. రక్తనాళాల స్కాన్ యాంజియోగ్రామ్‌కి బొమ్మలు ఎక్కువ, దానికి డీవీడీ వాడు.

నేను చేసిన ఒక సెంటర్లో కౌంటర్ కుర్రాడు సీడీ మీద పేర్లు బాల్‌పెన్నుతో ఒత్తి రాసేవాడు. సీడీలో డేటా ఉండేది మెరిసే అడుగువైపు కాదమ్మా, పేరు రాసే వైపే, పల్చటి పూత కింద. అడుగున గీత పడితే పాలిష్ పెట్టి చదివించొచ్చు. పైన పడితే పోయినట్టే. డీవీడీలో అది రెండు పొరల మధ్య ఉంటుంది, కాస్త నయం. చీరాల పెద్దాయన ఒకాయన ఆ సీడీతో హైదరాబాద్ వెళ్తే అక్కడ తెరుచుకోలేదు. మా దగ్గరి కాపీనేమో హార్డ్‌డిస్కు నిండిందని ఓనరు అప్పటికే తుడిపించేశాడు. అసలే కిడ్నీలు అంతంతమాత్రం, మళ్లీ స్కానుకని కాంట్రాస్ట్ మందు ఎక్కించారు. ఆయన కొడుకు వచ్చి సీడీని ట్యూబ్‌లైటుకి ఎత్తిపట్టాడు. పేరు గీతల్లోంచి వెలుతురు ఇటు కనబడుతోంది. ఓనరు కుర్రాణ్ని నానా మాటలూ అన్నాడు. మార్కరు కొనివ్వమని వాడు ఎన్నిసార్లు అడిగాడో నాకు తెలుసు.

నువ్వు డాక్టరువి, నీకు చెప్పేంతవాణ్ని కాను. అయినా విను. సీడీ మార్కరు కొను, స్టిక్కర్లు అంటించకు. రాశాక వేరే కంప్యూటర్లో తెరిచి, పేరు, వయసు, ఐడీ చూశాకే చేతికివ్వు. మన జిల్లాలో వెంకటేశ్వర్లు ఎంతమందో! డిస్కు ఇచ్చాం కదా అని నీ దగ్గరది చెరపకు. ఇంకో రైటరు బీరువాలో ఉంచుకో, పాడయ్యేది ఎప్పుడూ ఆదివారం సాయంత్రమే.

మీ అత్తయ్యా, నేనూ ముందురోజే దిగుతాం. మొదటి వారం డిస్కుల కౌంటర్లో నేనే కూర్చుంటా, జీతం అక్కర్లేదు. వేళకి అన్నం తింటున్నావో లేదో కూడా అక్కణ్నుంచే చూస్తా.

మీ మామయ్య