గనిలో బేరం ఇప్పుడు నడిచిన గంటలకు

ప్రశ్న: మాది గోదావరిఖని. నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల్లో, మట్టి, బొగ్గు మోసే భారీ ట్రక్కులైన డంపర్లకు సెన్సర్లు, జీపీఎస్ బిగించి ఎక్కడి నుంచో గమనిస్తున్నారని వింటున్నాను. నిఘా పెరగడం తప్ప, దీనివల్ల గనుల వ్యాపారం తీరు నిజంగా మారుతుందా?

జవాబు: మారుతోంది, ఆ మార్పు ముందుగా కనిపించేది ఒప్పంద పత్రాల్లో. పాత పద్ధతిలో తయారీ సంస్థ డంపర్‌ను అమ్మి, ఆ తర్వాత ఏళ్ల తరబడి విడిభాగాల మీద లాభం తీసుకునేది కనుక, యంత్రం ఎంత పాడైతే ఆ సంస్థకు అంత రాబడి, గనికి అంత నష్టం. గంటల లెక్కన మరమ్మతు ఒప్పందాలు అప్పుడూ ఉన్నాయి గాని, యంత్రం ఎప్పుడు మొరాయిస్తుందో ముందుగా పసిగట్టే వీలు లేక ఇరుపక్షాలూ జంకేవి. ఇంజిన్ వేడి, ఆయిల్ పీడనం, మోసిన బరువు ఎప్పటికప్పుడు తెలుస్తున్నందున, నెలకు ఇన్ని గంటలు యంత్రాన్ని పనికి సిద్ధంగా ఉంచుతానని తయారీదారు ఇప్పుడు ధైర్యంగా హామీ ఇవ్వగలుగుతున్నాడు. యంత్రం ఆగితే నష్టంలో వాటా అతనిదే.

జపాన్ సంస్థ కొమాట్సు తన యంత్రాలను దూరం నుంచి గమనించే కొమ్‌ట్రాక్స్ పరికరాన్ని 2001 నుంచి స్వదేశంలో అమ్మే యంత్రాలకు తానే అమర్చి ఇవ్వసాగింది. అదే సంస్థ 2008లో చిలీలోని గాబ్రియేలా మిస్ట్రల్ రాగి గనిలో డ్రైవరు లేని డంపర్లను ఉత్పత్తిలోకి దించింది. ఆస్ట్రేలియాలో రియో టింటో సంస్థ పిల్బరా ఇనుప ఖనిజ గనులను సుమారు 1,500 కిలోమీటర్ల దూరంలోని పెర్త్ నగరం నుంచి నడిపిస్తోంది. అంటే డంపరు, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, మరమ్మతు సేవ, అన్నీ కలిసి ఒకే సరుకయ్యాయి. టైర్లదీ అదే దారి: మిషెలిన్ వంటి సంస్థలు పీడనం, వేడి చెప్పే సెన్సర్లతో పాటు టైరు సంరక్షణను కూడా సేవగా అమ్ముతున్నాయి.

మీ ప్రాంతానికి దగ్గరి ఉదాహరణ ఓబీ (ఓవర్‌బర్డెన్, అంటే బొగ్గుపై ఉన్న మట్టి) పనులు. ఆ మట్టిని తీసే కాంట్రాక్టరుకు ఘనపు మీటరు లెక్కన చెల్లించడం ఆనవాయితీ. ప్రతి ట్రిప్పు, ప్రతి బరువు, డీజిల్ వాడకం నమోదైతే, కొలతల మీద తగాదాలు తగ్గడమే కాక, ఖాళీగా నిలిచిన సమయం ఎవరి వల్లనో తేల్చి ఆ మేరకు రేటు కట్టే ఒప్పందాలకు వీలుంటుంది.

ప్రశ్న: ఆ సమాచారం ఎవరి సొత్తు?

జవాబు: అసలు చూడవలసింది ఇదే. ఒప్పందంలో రాయకపోతే అది ఆచరణలో తయారీదారు సర్వర్లోనే ఉండిపోతుంది. రేపు వేరే కంపెనీ యంత్రం కొనాలన్నా, మరమ్మతును బయటివారికి అప్పగించాలన్నా, గని యాజమాన్యం పాత రికార్డు లేకుండా బేరమాడవలసి వస్తుంది. అందువల్ల ముడి సమాచారం గనికే చెందుతుందనీ, ఒప్పందం ముగిశాక కూడా చదవగలిగే రూపంలో అప్పగించాలనీ టెండర్లోనే షరతు పెట్టాలి. డ్రైవరు బ్రేకు వేసిన తీరు, అలసట గుర్తించే కెమెరా దృశ్యాలు భద్రతకు తప్ప జీతం కోతకు వాడరాదని కార్మిక సంఘాలు యాజమాన్యంతో ముందే రాయించుకోవడం న్యాయం. పరికరం బిగించాక అడిగితే బేరానికి బలం ఉండదు.