కిలోమీటరు లోపల మరో షాపు రాదంటే నమ్మవచ్చా?

తిరుపతిలో టీ షాపు ఫ్రాంచైజీ (కంపెనీ బ్రాండు పేరుతో మనం నడుపుకునే షాపు) తీసుకుంటున్నామని, కిలోమీటరు లోపల ఇంకెవరికీ ఇవ్వబోమని కంపెనీ వాళ్లు మాట ఇచ్చారని, నమ్మవచ్చా అని అడిగారు. మాట సంగతి తరువాత. ఆ కిలోమీటరును ఏ దారిన కొలుస్తారో ముందు అడగండి.

రైల్వే స్టేషన్‌కు దగ్గరలో మాకు అలాంటి షాపే ఉంది. మా ఒప్పందంలోనూ ‘ఒక కిలోమీటరు’ అనే రాశారు. రెండో ఏడాది పట్టాలకు అవతలి వైపు అదే బ్రాండు బోర్డు వెలిసింది. ఏరియా మేనేజరును పిలిపించి మేడ మీదికి తీసుకువెళ్లి చూపించాను. అక్షరాలు చదవగలిగేంత దూరం! అతను తొణకలేదు. ఫోనులో మ్యాపు తెరిచి ‘రోడ్డు దారిన కిలోమీటరు దాటుతోంది సార్’ అన్నాడు. బండి మీద చుట్టూ తిరిగి వెళితే దాటుతుంది మరి. నేరుగా కొలవమంటే, ‘నేరుగా అని ఒప్పందంలో లేదు కదా’ అన్నాడు. రోడ్డు దారిన అని కూడా లేదు. మా బావమరిదికి ఒళ్లు మండి, అతని చేతిలో టీ గ్లాసు పెట్టి, ‘ఇది చల్లారేలోపు అక్కడి టీ తెస్తాను’ అని కాలి వంతెన మీదుగా వెళ్లి తెచ్చాడు. మేనేజరు రెండూ తాగి వెళ్లిపోయాడు.

కోర్టుకు వెళ్లవచ్చు కదా అంటారు. గొడవ వస్తే కోర్టుకు బదులు మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని, అదీ బెంగళూరులోనే జరగాలని ఒప్పందంలో ముందే రాసుకున్నారు. లాయరు ఫీజు, ప్రయాణాలు లెక్క వేసుకుని, కొన్నాళ్లు రాయల్టీ (బ్రాండు వాడుకున్నందుకు కంపెనీకి కట్టే సొమ్ము) తగ్గిస్తామంటే సరేనన్నాం. రెన్యువల్‌లో మాత్రం మ్యాపు మీద హద్దు గీయించి, ఇరువైపులా సంతకాలు పెట్టించి, ఒప్పందానికి జత చేయించాను. మీరు మొదటే చేయించుకోండి. కియోస్కులు, డెలివరీ యాప్‌లు, రేణిగుంట విమానాశ్రయం లాంటి చోట్లు ఆ హద్దులోకి వస్తాయో రావో కూడా రాయించండి. వాటిని కంపెనీలు సాధారణంగా తమకే ఉంచుకుంటాయి, ఆ పేరా ఎక్కడో వెనక పేజీల్లో ఉంటుంది.

మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ వేరే చట్టం లేదు, ప్రధానంగా 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. అమెరికాలో సంతకానికి కనీసం 14 రోజుల ముందు కంపెనీ వివరాల పత్రం ఇవ్వాలి. ప్రాంతం మీద పూర్తి హక్కు ఇవ్వకపోతే, తమ సొంత షాపుల నుంచీ ఇతర ఫ్రాంచైజీల నుంచీ పోటీ రావచ్చని అందులో రాసి తీరాలి. ఇక్కడ మనకు ఇచ్చేది రంగుల బ్రోచరు. మనకు వేసే కట్టడి మాత్రం గట్టిది. ఒప్పందం నడిచినంత కాలం పోటీ బ్రాండు జోలికి పోకూడదన్న షరతు చెల్లుతుందని 1995లో గుజరాత్ బాట్లింగ్, కోకాకోలా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గడువు ముగిశాక కూడా టీ అమ్మకూడదంటే ఆ కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం సాధారణంగా చెల్లదు. అదొక్కటే ఊరట.

అసలు తిరుపతిలో కిలోమీటర్లతో హద్దు గీయడమే తెలివితక్కువ పని. ఇక్కడి గిరాకీ ఊళ్లో కాపురం ఉండదు, రైలు దిగి కొండ బస్సు ఎక్కేలోపు టీ తాగుతుంది. ఆ నడక దారి మారితే ఏ హద్దూ కాపాడదు. 2023లో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ తెరిచాక తిరుచానూరు వైపు నుంచి వచ్చే కార్లు పైనుంచే కపిలతీర్థం దాకా పోతున్నాయి, కింద పిల్లర్ల నీడలో షాపుల వాళ్లు ఎవరిని అడగాలి? అక్కడ మీకు షాపు చూపిస్తే, అద్దె ఎంత తక్కువ చెప్పినా, ఉదయం పూట గంటసేపు నిలబడి ఎందరు ఆగుతున్నారో లెక్కపెట్టుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.