వేదిక ఎక్కే ముందు ఇంట్లో చెప్పవలసిన మాట

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. మాది గుంటూరు బ్రాడీపేట. గుంటూరు, విజయవాడల మధ్య ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతూ రోజూ కాలేజీ బస్సులో వెళ్లి వస్తున్నాను. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. మా విశ్వవిద్యాలయం నాటక బృందం ఏటా ఒక ఇంగ్లిష్ మ్యూజికల్ వేస్తుంది. అప్పటికప్పుడు కల్పించి నటించే ఇంప్రోవ్ బృందం కూడా ఉంది. ఇంట్లో ల్యాబ్ ఉందని అబద్ధం చెప్పి రెండింటి ఆడిషన్లకూ వెళ్లాను. పాట మధ్యలో గొంతు ఆగిపోయింది. ఇంప్రోవ్‌లో ఎదుటి అబ్బాయి "డాక్టరుగారూ, మీ పేషెంటు పారిపోయాడండీ" అంటే, కంగారులో "నేను డాక్టరును కాను" అన్నాను. ఆ తర్వాత ఇద్దరికీ మాట రాలేదు. నా స్నేహితురాలికి ప్రధాన పాత్ర వచ్చింది. నన్ను కోరస్‌లో పాడతావా అని అడిగితే అవమానంగా అనిపించి ఇంతవరకు జవాబివ్వలేదు. సంగీతం సాధన కూడా మానేశాను. ఇంప్రోవ్‌కు వచ్చే నెలలో మళ్లీ ఎంపికలు ఉన్నాయి. మా నాన్నగారు మిర్చి యార్డులో గుమాస్తా. మా తాతయ్య పద్యనాటకాలకు హార్మోనియం వాయించి అప్పులపాలయ్యారని, అందుకే నాన్నగారి చదువు ఇంటర్మీడియట్‌తో ఆగిపోయిందని అమ్మ చెప్పింది. నాటకం మాట ఎత్తితేనే ఆయనకు కోపం వస్తుంది. నాకు ప్రతిభ లేదా? మళ్లీ ఆడిషన్‌కు వెళ్లాలా? ఇంట్లో చెప్పాలా?

జవాబు: అమ్మా, మీరు అడిగిన మూడు ప్రశ్నలలో చివరిది తేలితే తప్ప మొదటి రెండూ తేలవని నా అభిప్రాయం. అందువల్ల ఇంట్లో చెప్పే విషయమే ముందుగా రాస్తాను. చెప్పాలి. అదీ వచ్చే నెల ఎంపికలకు ముందే చెప్పాలి.

ఇది కేవలం నిజాయతీకి సంబంధించిన సలహా అనుకోకండి. మ్యూజికల్‌లో పాటలు, నాట్యం, సంభాషణలు విడివిడిగా నేర్చుకుని, ఆ తర్వాత మూడింటినీ కలపాలి కనుక వారాల తరబడి సాయంత్రాలు రిహార్సల్స్ జరుగుతాయి. ఒక్కరు రాకపోతే ఆ దృశ్యంలో ఉన్న అందరి పనీ ఆగిపోతుంది. పాత్రలు ఇచ్చేటప్పుడు దర్శకులు గొంతుతో పాటు "ఈ అమ్మాయి ప్రతిరోజూ ఉండగలదా" అన్నది కూడా చూస్తారు. కాలేజీ బస్సులో గుంటూరు చేరుకోవలసిన మీరు అన్ని సాయంత్రాలకూ ల్యాబుల పేరు చెప్పి నెట్టుకురాలేరు. పైగా, ఆ రోజు పాడుతున్నప్పుడు ఎంపిక కాకపోతే ఎలా అన్న భయంతో పాటు, ఎంపికైతే ఇంట్లో ఏం చెప్పాలన్న భయం కూడా మీ మనసులో ఉండి ఉంటుంది. అంత బరువు మోస్తున్న గొంతు మధ్యలో ఆగిపోవడంలో నాకు ఆశ్చర్యం కనిపించడం లేదు.

ఇక మీ నాన్నగారి కోపం గురించి. గుంటూరు, తెనాలి ప్రాంతాల్లో పద్యనాటకానికి ఒకప్పుడు ఎంత ఆదరణ ఉండేదో మీ ఇంట్లో పెద్దలకు తెలిసే ఉంటుంది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు స్త్రీ పాత్రలతో దేశమంతటా పేరు పొంది 1956లో పద్మశ్రీ అందుకున్నారు. అయితే అలాంటి గౌరవం కొద్దిమందికే దక్కింది. తెర పక్కన కూర్చుని తెల్లవారేదాకా హార్మోనియం వాయించినవారికి నాటకం కుదిర్చినవారు ఇచ్చినంతే దక్కేది, సినిమా విస్తరించాక అదీ తగ్గింది. మీ నాన్నగారు నాటకాన్ని తాను పోగొట్టుకున్న చదువు వైపు నుంచి చూశారు. "నాటకం" అన్న మాట వినగానే ఆయన కళ్ల ముందుకు మీ విశ్వవిద్యాలయం ఆడిటోరియం రాదు, గుమ్మంలో నిలబడిన అప్పులవాళ్లే వస్తారు. ఆయన కోపాన్ని కళ మీద ద్వేషంగా మీరు అర్థం చేసుకుంటే ఆ సంభాషణ మొదట్లోనే తెగిపోతుంది.

కనుక "తాతయ్య కళ నాలో ఉంది" అని మాత్రం మొదలుపెట్టకండి, ఆయన భయపడుతున్నది సరిగ్గా దానికే. యార్డు సెలవు రోజున, ఆయన తీరికగా ఉన్నప్పుడు, అమ్మను కూడా కూర్చోబెట్టుకుని, తాతయ్య రోజుల గురించి చెప్పమని అడగండి. అడ్డు చెప్పకుండా, ఓదార్చే తొందర కూడా లేకుండా, పూర్తిగా వినండి. ఆ విషయం ఆయనను ఇంతవరకు ఎవరూ అడిగి ఉండకపోవచ్చు. ఆ తర్వాత మీ విషయం చెప్పండి: ల్యాబ్ అని అబద్ధం చెప్పి వెళ్లానని ఒప్పుకోండి, అందుకు క్షమించమని అడగండి. అమ్మ మీకు చెప్పిన సంగతులను ఆమె మీద ఫిర్యాదు అయ్యేలా బయటపెట్టకండి.

ఆయనకు కావలసిన వివరాలు ముందే సిద్ధం చేసుకోండి. రిహార్సల్స్ ఏ వారాల్లో ఏ వేళల్లో ఉంటాయి, బాధ్యత చూసే అధ్యాపకులు ఎవరు, వారి ఫోన్ నంబరు ఏమిటి, బస్సు తప్పిన రోజు ఎవరితో ఎలా ఇల్లు చేరుకుంటారు, ఇంటి నుంచి డబ్బు ఏమైనా కావాలా, పరీక్షలు ఎప్పుడు, 75 శాతం హాజరుకు ఇబ్బంది లేకుండా ఎలా చూసుకుంటారు అన్నవి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే అంతర విశ్వవిద్యాలయ యువజనోత్సవాల్లో ఏకాంకిక, స్కిట్, మైమ్ వంటివి పోటీ అంశాలుగా ఉన్నాయని, చదువుకునే చోట నాటకం చదువుకు శత్రువు కాదని కూడా చెప్పవచ్చు. అడిగేది మాత్రం చిన్నది అడగండి: ఈ ఒక్క ప్రదర్శన పూర్తయ్యే వరకు అనుమతి. రంగస్థలమే వృత్తి అవుతుందా అన్న ప్రశ్న మీరే ఇంకా వేసుకోలేదు కనుక ఆయన ముందు దానికి జవాబు చెప్పే అవసరం లేదు.

ఇప్పుడు ప్రతిభ సంగతి. ఆ ఆడిషన్ మీ ప్రతిభను తేల్చలేదు, మీకు అలవాటు లేని ఒక పద్ధతిని మీ ముందు పెట్టిందంతే. కచేరీలో మీ గొంతుకు తగిన శ్రుతి మీరే పెట్టుకుంటారు, తంబురా మొదటి నుంచి చివరిదాకా మిమ్మల్ని పట్టుకునే ఉంటుంది, వర్ణం పాడేసరికి గొంతు దారిలో పడుతుంది. మ్యూజికల్‌లో పాట ఏ స్థాయిలో ఉండాలో స్వరకర్త ముందే రాసి పెడతారు. ఆడిషన్‌లో పాటంతా పాడనివ్వరు, పదహారు బార్లో ముప్పై రెండు బార్లో (బార్ అంటే పాశ్చాత్య సంగీతంలో తాళానికి ఒక చిన్న కొలత) పాడమంటారు, అంటే దాదాపు అర నిమిషం నుంచి ఒక నిమిషం. కీబోర్డు మీద చిన్న ఎత్తుగడ వినిపించగానే మీరు అందుకోవాలి. గొంతు వేడెక్కే వ్యవధి అక్కడ లేదు కనుక ఆ పని ముందే, ఏ ఖాళీ తరగతి గదిలోనో, పావుగంట సేపు సరళీ వరసలతో చేసుకుని వెళ్లండి. మీకు సౌకర్యమైన స్థాయిలో ఉన్న పాటనే ఎంచుకోండి, లేదా కీబోర్డు వాయించేవారిని స్థాయి మార్చమని ముందుగానే అడగండి. పాడేటప్పుడు గమకాలు తగ్గించి మాటను స్పష్టంగా పలకండి, ఎందుకంటే ఆ పాట పాత్ర ఎవరితోనో చెబుతున్న మాట. ఎవరితో చెబుతోంది, ఏం కోరి చెబుతోంది అన్నది మీ మనసులో ఉండాలి. గొంతు ఆగిపోతే "మళ్లీ మొదలుపెట్టవచ్చా" అని అడగడంలో తప్పు లేదు. చాలామంది దర్శకులు ఒక అవకాశం ఇస్తారు.

కోరస్ అవమానం కాదు. ఈ ఒక్క విషయంలో మీ ఆలోచనతో నేను గట్టిగా విభేదిస్తున్నాను. మన సంగీతంలో అందరూ ఒకే స్వరం మీద నడుస్తారు. మ్యూజికల్ కోరస్‌లో పక్కవారు ఒక స్వరం పాడుతుంటే మీరు మరొక స్వరాన్ని జారకుండా పట్టుకుని నిలబడాలి. కర్ణాటక సంగీతం నేర్చినవారికి ఇది కష్టమైన పని, మీ చెవికి ఇంతకంటే మంచి శిక్షణ ఇప్పట్లో దొరకదు. గొంతు ఆగిపోయిన అమ్మాయిని కూడా వారు రమ్మన్నారంటే, ఆగిపోకముందు పాడిన భాగం వారికి నచ్చిందనే అర్థం.

ఇంప్రోవ్ విషయంలో మీ లోపం మీ ఉత్తరంలోనే ఉంది, అది దిద్దుకోగలిగినదే. ఆ అబ్బాయి "డాక్టరుగారూ" అన్నప్పుడు మీకు ఒక పాత్ర, ఒక ఆసుపత్రి, ఒక సమస్య కలిపి చేతికిచ్చాడు. మీరు "కాను" అనేసరికి అతను కట్టినదంతా కూలిపోయింది. ఎదుటివారు ఇచ్చినదాన్ని ఒప్పుకుని దానికి ఇంకొకటి చేర్చాలన్నది ఈ కళకు ఆయువుపట్టు. "పారిపోయాడా! ఆపరేషన్ సగంలో ఉంది కదయ్యా!" అని ఉంటే దృశ్యం దానంతట అదే నడిచేది. ఇది చమత్కారం కాదు, కేవలం వినడం. చికాగోలో వయోలా స్పోలిన్ ఆటల రూపంలో నటన నేర్పిన పద్ధతి నుంచి ఈ కళ చాలా తీసుకుంది, అదే నగరంలో 1959లో మొదలైన సెకండ్ సిటీ బృందం దీనికి పేరు తెచ్చింది. అయినా ఇది మనకు పూర్తిగా కొత్తది కాదు. మీ జిల్లాలోని పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్‌గారి బుర్రకథ మీ ఇంట్లో పెద్దలు వినే ఉంటారు. బుర్రకథలో కథకుడి పక్కన నిలబడే వంతలు ఆ ఊరి సంగతో నేటి రాజకీయమో అప్పటికప్పుడు అందుకుంటారు, కథకుడు దాన్ని కాదనకుండా కథలోకి కలుపుకుని ముందుకు వెళతాడు. మీరు నేర్చుకోవలసింది ఆ కలుపుకోవడమే. అవధానంలో పృచ్ఛకులు అవధానిని ఇరుకున పెట్టాలని చూస్తారు, ఇంప్రోవ్‌లో మాత్రం మీ ఎదుట ఉన్నవారిని నిలబెట్టడం మీ బాధ్యత.

సాధనకు వేదిక అక్కరలేదు. మధ్యాహ్నం భోజనం దగ్గర ఇద్దరు స్నేహితులతో, ప్రతి వాక్యాన్నీ "అవును, అంతేకాదు" అని మొదలుపెడుతూ ఒక కథ అల్లండి. ఎదుటివారి వాక్యంలోని చివరి మాటతో మీ వాక్యం మొదలుపెట్టే ఆట కూడా ఆడండి, వాక్యం పూర్తయ్యే వరకు విననిదే ఆ ఆట సాగదు. ప్రధాన పాత్ర వచ్చిన మీ స్నేహితురాలినే ఇందుకు పిలవండి. ఆమె పట్ల మీకు కలిగిన అసూయ సహజమైనదే, కానీ ఆమెను తప్పించుకు తిరిగితే అది పెరుగుతుంది.

సంగీత సాధన రేపే మళ్లీ మొదలుపెట్టండి. దిగులు తగ్గకుండా నిద్ర, తిండి, తరగతులు కూడా దెబ్బతింటుంటే మీ విశ్వవిద్యాలయం కౌన్సెలర్‌ను కలవండి, లేదా 14416 నంబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్‌తో మాట్లాడండి.

నాన్నగారు మొదటిసారి కాదనవచ్చు. అప్పుడు దొంగచాటుగా వెళ్లకండి. ఇంప్రోవ్ బృందం సాధన పగటిపూట ఉండే అవకాశం ఉందేమో కనుక్కోండి, ఈ సెమిస్టరు ఫలితాలు వచ్చాక మార్కులు చూపించి మళ్లీ అడగండి, వీలైతే ఆ అధ్యాపకుల చేత ఒకసారి ఫోన్ చేయించండి. ఇంట్లో ఏ మాట వచ్చినా, కోరస్ గురించి మిమ్మల్ని అడిగినవారు ఇంకా మీ జవాబు కోసం ఎదురుచూస్తున్నారు. నాన్నగారితో మాట్లాడిన మర్నాడే, వస్తానో రాలేనో, కారణంతో సహా వారికి నేరుగా చెప్పండి.