సాక్షి గుర్తించాడా, పోల్చుకున్నాడా?

ప్రశ్న: “దోపిడీ కేసులో బాల నేరస్థుడిని ప్రత్యక్ష సాక్షి గుర్తించాడు” అని ఒక పత్రికలో చదివాను. ‘ప్రత్యక్ష సాక్షి’ పునరుక్తి కాదా? ‘గుర్తించాడు’ అనాలా, ‘గుర్తుపట్టాడు’ అనాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: పునరుక్తే. ‘సాక్షాద్ ద్రష్టరి సంజ్ఞాయామ్’ అని పాణిని సూత్రం. స్వయంగా చూసినవాడే సాక్షి. సాక్షాత్తులోనూ కన్ను ఉంది, ప్రత్యక్షంలోనూ కన్ను ఉంది. అయితే పెళ్లికి అగ్ని, దస్తావేజుకు సంతకం చేసినవాడు కూడా సాక్షులయ్యాక మాట పలచబడింది. ‘నడిమధ్య’ను మోస్తున్నవాళ్లం దీన్నీ మోయగలం.

మీరు అడగని ‘బాల నేరస్థుడు’ మాత్రం మోయరానిది. విచారణ ముగియకముందే నేరస్థుడెలా అయ్యాడు? 2015 నాటి బాల న్యాయ చట్టం ఆ పిల్లవాడి పేరు కూడా బయటపెట్టవద్దంటుంది. పేరు దాచి, బిరుదు మాత్రం తగిలిస్తే సరిపోయిందా?

ఇక ‘గుర్తించు’. ఇది నిజాన్ని ముందే ఒప్పుకునే క్రియ. ‘దొంగను గుర్తించాడు’ అంటే వాడు దొంగేనని విలేకరి కూడా సంతకం పెట్టినట్టే. ‘గుర్తుపట్టు’ కాస్త నయం, దానిలో ఆనవాలు వెతికే శ్రమ వినిపిస్తుంది. కానీ సందేహానికి చోటు అందులోనూ లేదు. ఆ చోటు ఉన్న క్రియ మనకు ఉండనే ఉంది: ‘పోల్చు’. ‘పోలు’కు ప్రేరణ రూపం. తమిళ కన్నడాల్లోనూ దీని తోబుట్టువులున్నాయి. ‘చాలా ఏళ్లయింది, మిమ్మల్ని పోల్చుకోలేకపోయాను’ అని పెద్దలు అనేవారు. తెలుగువాడి దృష్టిలో మనిషిని ఎరగడమంటే మనసులోని రూపానికి ఎదుటి రూపాన్ని సరిచూడడమే. మనిషిని పోలిన మనిషి ఉంటాడన్నదీ మనవాళ్లే.

విరాటపర్వం ఎన్నిసార్లు చదివినా నాకు ఇక్కడే ఆగబుద్ధవుతుంది. పారిపోతున్న ఉత్తరుడి వెంట జడ ఊగుతుండగా బృహన్నల పరుగెత్తుతుంటే కౌరవులు తలపట్టుకున్నారు. సగం ఆడ, సగం మగ. మరి ఆ తల, ఆ మెడ, ఆ బాహువులు, ఆ నడక? వ్యాసుడు వాడిన మాట ‘సారూప్యం’, అంటే పోలికే. చూస్తున్నవాళ్లు అర్జునుణ్ని చిన్ననాటి నుంచీ ఎరిగినవాళ్లు. పైగా గుర్తుపట్టడంలో వాళ్లకు లాభముంది: అజ్ఞాతవాసం చెడితే పాండవులకు మళ్లీ పన్నెండేళ్ల అడవి. తిక్కన ద్రోణుడికి మాత్రం తడుములాట లేదు. ‘వీఁడె వచ్చెం గుంతీసుత మధ్యముండు’ అంటాడు. ఆ ‘వీఁడె’లోని నిశ్చయం చూడండి! కానీ మధ్యముడెవరు? పాండవులు ఐదుగురిని లెక్కిస్తే అర్జునుడు. కుంతి కన్న ముగ్గురినే లెక్కిస్తే భీముడు. కర్ణుణ్ని కలిపితే నడిమివాడే ఉండడు. ‘వీడే’ అని వేలు చూపినా, పేరు దగ్గర అంత సందు! తిక్కన తెలిసే ఆ సందు విడిచాడని నా అనుమానం. ప్రమాణం అడగవద్దు.

మసక చీకట్లో రెండు నిమిషాలు, అదీ చేతిలోని కత్తి వైపే చూసినవాడి సంగతి ఇక చెప్పాలా? చట్టం కూడా పోలిక మీదే నడుస్తుంది. గుర్తింపు పరేడ్‌లో అనుమానితుణ్ని వయసులో, ఒడ్డూ పొడుగులో అతన్ని పోలినవారి నడుమ నిలబెడతారు. (దీన్ని ‘గుర్తింపు కవాతు’ అనేవారున్నారు. అక్కడ ఎవరూ కవాతు చేయరు, కదలకుండా నిలబడతారు.) 1872 సాక్ష్య చట్టంలో 9వ సెక్షన్, ఇప్పటి 2023 అధినియమంలో 7వది దీనికి ఆధారం. ఆ పరేడ్ తనంతట తాను ప్రధాన సాక్ష్యం కాదు, కోర్టులో చెప్పేదానికి ఊతం మాత్రమే.

కాబట్టి ‘సాక్షి ఆ బాలుణ్ని పోల్చుకున్నాడు’ అనడం నాకిష్టం. ‘ఎవరితో?’ అని ఈనాటి పాఠకులు అడుగుతారని తెలుసు. ద్వితీయా విభక్తి తర్వాత వస్తే ఆనవాలు పట్టడమనీ, ‘తో’ తర్వాత వస్తే సరిచూడడమనీ ఒకప్పుడు ఎవరికీ చెప్పనక్కర లేకపోయేది. అంత ధైర్యం చాలకపోతే ‘ఈ బాలుడేనని సాక్షి చెప్పాడు’ అని రాయమనండి. ‘గుర్తుపట్టాడు’ తప్పని మాత్రం నేను అనలేదు.